చెవి పరీక్ష: 'రెఫర్' చీటీ తర్వాత ఏమవుతోంది?

సంపాదకులకు,

ప్రసూతి వార్డులో పసిబిడ్డ చెవిలో చిన్న గొట్టం పెట్టి, లోపలి చెవి పనిచేస్తోందో లేదో చూసే ఓఏఈ పరీక్షకు నిమిషాలు చాలు. తేలకపోతే చీటీ మీద 'రెఫర్' అని రాస్తారు. దానర్థం చెవుడని కాదు. పుట్టిన ఒకటి రెండు రోజుల్లో చెవిలో తెల్లటి జిగురు మిగిలినా అలాగే వస్తుంది. అందుకే మళ్లీ చేయాలి. తప్పిపోయేది ఆ రెండో పరీక్షే.

మన దిక్కున తొలి కాన్పు పుట్టింట్లో. నకిరేకల్‌లో పుట్టిన బిడ్డ కొన్ని నెలలకు దేవరకొండలో అత్తగారింటికి చేరుతుంది. ఇక్కడి ఆశా రిజిస్టరులోని పేరు అక్కడికి చేరదు. పాలమూరు వలస కుటుంబాల సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఆరో వారం టీకా రోజే రెండో ఓఏఈ అని తల్లీబిడ్డల కార్డు మీదే రాస్తే ఆ కార్డు తల్లితో పాటే పోతుంది. పరికరం చేతిలో పట్టేంతే. టీకా రోజున పీహెచ్‌సీకి తేవచ్చు.

ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూ) ఐదు రోజులకు మించి ఉన్న పిల్లలకు, రక్తం మార్చాల్సినంత పచ్చకామెర్లు వచ్చినవారికి ఓఏఈ ఒక్కటే చాలదు. లోపం నరంలో ఉంటే ఓఏఈ పాస్ అవుతుంది. వాళ్లకు బెరా (శబ్దానికి వినికిడి నరం ఎలా స్పందిస్తోందో చూసే పరీక్ష) చేయాలి. బెరాకు బిడ్డ నిద్రపోవాలి. బస్సులో హాయిగా నిద్రపోయి పరీక్ష గదిలో కళ్లు తెరిచే పిల్లలే ఎక్కువ! దారిలో మేలుకొల్పి ఉంచి, అక్కడికి వెళ్లాక పాలిచ్చి పడుకోబెట్టాలి. నెలలు పెరిగితే నిద్రమందు లేనిదే కుదరదు. మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు వినికిడి మిషన్ అనే లెక్క తప్పకూడదు. పళ్లెం మోగిస్తే తిరిగి చూశాడని ఊరుకోవద్దు; అదురుకూ, నీడకూ కూడా పిల్లలు తిరుగుతారు.

మిషన్ వచ్చాక అసలు పేచీ మోల్డ్‌తో (చెవికి అచ్చు తీసి చేసే, చెవిలో పెట్టే ముక్క). పసివాళ్ల చెవి త్వరగా పెరుగుతుంది, మొదట్లో నెలా రెండు నెలలకే మోల్డ్ వదులవుతుంది. సందులోంచి శబ్దం బయటికొచ్చి మిషన్ కూత పెడుతుంది. పాడైందనుకొని సౌండ్ తగ్గిస్తారు, లేదా తీసి బీరువాలో పెడతారు. కొత్త అచ్చు తీయడం కాసేపటి పని. దానికోసం హైదరాబాద్ వెళ్తే రెండు కూలీలు పోతాయి. (సెల్, అంటే బటన్ బ్యాటరీ, పెట్టే గదికి లాక్ ఉన్న మిషనే అడగండి. పిల్లలు సెల్ మింగితే ప్రాణం మీదికొస్తుంది.) కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) చేయించాలన్నా ముందు కొన్నాళ్లు మిషన్ పెట్టి చూడాల్సిందే.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా కేంద్రాల్లో వారానికి ఒక రోజైనా అచ్చు తీసే ఏర్పాటు, ఆ రోజు ఏదో ఊరూరా తెలిసేలా ప్రకటన ఉండాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాం.

- వినికిడి, మాట శిక్షణ నిపుణులు, నల్లగొండ