రియర్ విండో ఎవరెవరు చూశారు?

నిన్న రాత్రి హిచ్‌కాక్ సినిమా రియర్ విండో మళ్లీ పెట్టుకున్నా, 1954ది. కాలు విరిగి వీల్‌చైర్‌లో పడున్న ఫొటోగ్రాఫర్ పొద్దుపోక ఎదుటి కిటికీల్లోకి తొంగిచూస్తుంటాడు, అదే కథ. మర్డర్ సంగతి అటుంచండి, ఆ కిటికీలన్నిట్లో నాకు కనిపించింది పెళ్లి గోలే, ఒకచోట కొత్త జంట కర్టెన్ దించేస్తారు, ఇంకోచోట ఒంటరావిడ లేని మనిషికి టేబుల్ సర్ది వైన్ పోస్తుంది (అక్కడ మనసు చివుక్కుమంది), మంచాన ఉన్న పెళ్లాంతో థోర్‌వాల్డ్‌కి (మర్డర్ చేశాడని హీరో అనుమానించే ఎదురింటాయన) కీచులాట. ఇటు మనవాడేమో హీరోయిన్ గ్రేస్ కెల్లీ అంతటి పిల్ల తనే పెళ్లంటుంటే నసుగుతాడు! ఆమె ఎదురింట్లోకి దూరాకే వీడి చూపు మారుతుంది. కెమెరా ఆ గది దాటేది చాలా తక్కువ. ఆదివారం కలిసి చూద్దామా, పెద్ద టీవీ ఎవరింట్లో ఉందో చెప్పండి.