గాలి బోటు కొనే ముందు ఇది ఓపిగ్గా చదువు బుజ్జీ

బుజ్జీ,

నువ్వు కొందామనుకుంటున్న సెకండ్‌హ్యాండ్ బోటు, అదే గాలి కొట్టి నింపి వాడేది, దాని ఫొటోలు పంపావు కదా, చూశా. బోటు చూడ్డానికి బానే ఉంది, శుభ్రంగా కడిగి ఎండ పడేలా పెట్టి తీశారు, అమ్మేవాళ్లు ఎవరైనా అదే చేస్తార్లే. కానీ నాకు కావాల్సినవి ఒక్కటీ లేవు అందులో. అతుకులు దగ్గర్నుంచి తీసిన ఫొటో లేదు, వెనక మోటరు తగిలించే చెక్క లోపలి వైపు లేదు, వివరాలు రాసుండే కంపెనీ ప్లేటు లేదు. ఫోన్లో చెప్తే సగం విని సరే నాన్నా అనేసి పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా.

సెకండ్‌హ్యాండ్ గాలి బోటు కొంటున్నావంటే నువ్వు నిజానికి డబ్బులిచ్చేది ఆ గుడ్డకీ ఆ గ్లూకీ ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షు మిగిలుందో దానికి. తెడ్లు, పంపు, సీటు, బ్యాగు, ఇవన్నీ తర్వాతైనా తెచ్చుకోవచ్చు. అమ్మేవాళ్లు ఎక్కడెక్కడి సామానంతా పక్కన పేర్చి ఇవన్నీ ఫ్రీ అంటారు చూడు, అక్కడ మనసు పారేసుకోకు.

లోపల గుడ్డ లేకుండా ఒట్టి పల్చటి ప్లాస్టిక్ షీటుతో చేసినవి ఉంటాయి, అవి బొమ్మలు, కొత్తవైనా వద్దు, పాతవి అసలే వద్దు. అసలు బోటుకి పాలిస్టర్ గుడ్డ మీద రెండు వైపులా పూత ఉంటుంది. ఆ పూత పీవీసీ అనే ప్లాస్టిక్ అయినా కావచ్చు, హైపలాన్ అనే రబ్బరు అయినా కావచ్చు. హైపలాన్ అనేది డ్యూపాంట్ అనే అమెరికా కంపెనీ వాళ్లు పెట్టిన పేరు, వాళ్లు 2010లో తయారీ ఆపేశారు, అదే రకం రబ్బరు వేరేవాళ్లు చేస్తున్నా జనం మాత్రం ఇంకా హైపలాన్ అనే అంటారు. అది ఎండకి బాగా తట్టుకుంటుంది, సరిగ్గా చూసుకుంటే పదిహేను ఇరవై ఏళ్లు కూడా వస్తుంది. పీవీసీ అంత ఆగదు, రోజూ ఎండలో పడేస్తే నాలుగైదేళ్లకే జిగటగా తయారవుతుంది, నీడలో మడిచి పెట్టుకుంటే పదేళ్లు దాటినవీ ఉన్నాయి. మరి హైపలానే కొనొచ్చు కదా అంటావు. నీ బడ్జెట్‌లో దొరికే హైపలాన్ ఎంత పాతదై ఉంటుందో ఆలోచించు. అదే డబ్బుకి నాలుగేళ్ల పీవీసీ వస్తుంది, నువ్వేమో వాడుకుని మడిచి ఇంట్లో పెట్టుకునేదానివి, నా ఓటు దానికే. అతుకులు గ్లూతో అంటించినవి కాకుండా వేడితో వెల్డింగ్ చేసినవైతే ఇంకా మంచిది.

బోటు వయసు ఎంత అని అమ్మేవాళ్లని అడగొద్దు, రెండుసార్లే దించాం అంటారు. దించినవి రెండుసార్లే కావచ్చు, కానీ గ్లూ బ్యాగులో ఉన్నా ముసలిదవుతుంది కదా. వెనక చెక్క బయటి వైపు కుడి పక్కన హల్ నంబర్, అంటే ఆ బోటు గుర్తింపు నంబర్, ఉంటుంది చూడు, యూరప్, అమెరికా రూల్స్ ప్రకారం తయారైన వాటికి మామూలుగా ఉంటుంది. అందులో చివరి నాలుగు గుర్తులు చదువు. మొదటి అక్షరం తయారైన నెల, ఏ అంటే జనవరి, బి ఫిబ్రవరి అలా. దాని పక్క అంకె తయారైన సంవత్సరంలో ఆఖరి అంకె, చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరం. డి819 అని ఉందనుకో, 2018 ఏప్రిల్‌లో తయారైంది, 2019 మోడల్ కింద అమ్మారన్నమాట. నంబర్ గీకేసి ఉంటే ఇంక అక్కడ మాట్లాడేదేం లేదు, దొంగ బోటు కావచ్చు, వచ్చేయ్.

ఇప్పుడు అసలు సంగతి, అతుకులు. కొత్తగా కొనేవాళ్లంతా చిల్లు ఎక్కడుందా అని వెతుకుతారు, చిల్లు పెద్ద విషయమే కాదు, సైకిల్ ట్యూబుకి పంక్చర్ వేసినట్టే వేసుకోవచ్చు. అతుకు ఊడితే మాత్రం ఇంట్లో బాగుచేసుకోవడం కష్టం, బయట చేయించాలంటే బోటు కన్నా రిపేరుకే ఎక్కువవుతుంది. బోటు చుట్టూ ఉండే గాలి ట్యూబు గట్టిగా ఉన్నప్పుడు నీ బొటనవేలి గోరు అతుకు అంచు మీద పెట్టి మెల్లగా లేపి చూడు. బాగున్నదైతే గోరు జారిపోతుంది, ఏమీ లేవదు. పాతబడిందైతే అంచు కొంచెం లేచి, కింద పసుపు గోధుమ కలిసిన రంగులో జిగురు కనిపిస్తుంది, వేలికి అంటుకుని తీగలా సాగుతుంది కూడా. ఒక్క చోటే కదా అని వాళ్లంటారు. అన్ని అతుకులూ ఒకే రోజు ఒకే గ్లూతో వేసినవే, ఇవాళ ఇది ఊడింది రేపు పక్కది. బోటు ముందు ముక్కు దగ్గరా, వెనక ట్యూబులు చెక్కకి అంటుకునే చోటా, అడుగు గుడ్డ ట్యూబుకి కలిసే చోటా తప్పకుండా చూడు, బోటు అడుగు చూడాలంటే తిరగేయాలి, మొహమాటపడకుండా తిరగేయమను.

ప్యాచ్‌లు ఉంటే ఉండనీ. గుండ్రంగా, అంచులు లేవకుండా, చిల్లు చుట్టూ రెండంగుళాలు దాకా కప్పేలా ఉంటే చేసినవాడికి పని తెలుసు అని అర్థం. ఏ గ్లూ వాడారో అడుగు. పీవీసీకి పాలీయురేథేన్ గ్లూ, హైపలాన్‌కి నియోప్రీన్ రకం, రెండూ గట్టిపడేలా చేసే హార్డెనర్ కలిపి వాడేవే, ఒకదానికి ఇంకోటి పెడితే పట్టదు. సిలికాన్ సీలెంట్ పూసేసి ఉంటే అదో తలనొప్పి, దాని మీద ఇంక ఏ ప్యాచూ నిలవదు. వాల్వులోంచి ఏదైనా లిక్విడ్ పోశారా అని కూడా అడుగు. గుడ్డే గాలి వదిలేస్తుంటే కొంతమంది లోపల సీలెంట్ పోసి తిప్పేసి అమ్మేస్తారు, వాల్వు విప్పి లోపల జిగురుజిగురుగా ఉందేమో వేలు పెట్టి చూడు.

గాలి టెస్టుకి టైమ్ పడుతుంది, అందుకే చాలామంది చేయరు, నువ్వు చెయ్యి. వెళ్లడానికి ముందు రోజే పూర్తిగా గాలి కొట్టి ఉంచమను, అలా కుదరదంటే నువ్వు పొద్దున్నే వెళ్లి కొట్టించి సాయంత్రం దాకా ఉండు. ట్యూబులకి మామూలుగా 0.25 బార్ (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) సరిపోతుంది, ప్లేటు మీదో వాల్వు పక్కనో రాసి ఉంటుంది, ఒత్తిడి చూసే గేజ్ పట్టుకెళ్లు, చేత్తో నొక్కి గట్టిగానే ఉంది అనుకుంటే ఉపయోగం లేదు. ఇంకోటి, సాయంత్రానికి కొంచెం మెత్తబడితే వెంటనే లీకు అనేయకు. ఎండలో 30 డిగ్రీలప్పుడు నింపిన 0.25, వాతావరణం పది డిగ్రీలు పడితే గాలి ఒక్క చుక్క పోకుండానే 0.21కి వస్తుంది, అంటే ఆరో వంతు దాకా తగ్గినట్టే. అదే ఎండలో వదిలేస్తే పెరుగుతుంది, నీళ్లలోంచి తీసి గట్టున ఎండలో పెట్టేటప్పుడు కొంచెం గాలి తీయాలి, లేకపోతే అతుకుల మీద పడుతుంది ఆ ఒత్తిడంతా. నిన్న పొద్దున చూసిన రీడింగ్‌నీ ఇవాళ పొద్దున రీడింగ్‌నీ పోల్చు, అప్పుడు తేడా తెలుస్తుంది.

ట్యూబు మొత్తం ఒకటే గది కాదు, మధ్యలో అడ్డు గుడ్డలు ఉంటాయి, ఒక గది పేలినా ఇంకోటి తేల్చడానికి. ఆ అడ్డు గుడ్డ చిరిగితే బయటికి ఏమీ కనపడదు, గాలి బయటికి పోదు కదా. అందుకని చివర్లో ఒక గది మాత్రం ఉంచి పక్క గది ఖాళీ చేయించు, కాసేపటికి ఖాళీ చేసినది దానంతటదే ఉబ్బుతుంటే లోపల చిరిగిందని లెక్క, అది వద్దు. ఈ టెస్టుకి నిండా కొట్టక్కర్లేదు, సగం గాలి చాలు, ఎక్కువ పెడితే బాగున్న అడ్డు గుడ్డ మీద కూడా లోడు పడుతుంది. మామూలుగా నింపేటప్పుడు కూడా ఒక్కోదాన్నీ సగం సగం నింపుకుంటూ రావాలి. తర్వాత సబ్బు నీళ్లు స్పాంజితో వాల్వుల మీదా అతుకుల మీదా రాయి. వాల్వు దగ్గర బుడగలొస్తే సంతోషించు, ఇసుక రేణువో పాత సీలో అయ్యుంటుంది, చౌకగా అయిపోయే పని, పైగా బేరమాడ్డానికి పనికొస్తుంది.

వెనక మోటరు తగిలించే చెక్కని ట్రాన్సమ్ అంటారు, అది ప్లైవుడ్. స్క్రూ బొక్కల్లోంచి, నీళ్లు పోయే ప్లగ్ దగ్గర్నుంచి తడి లోపలికి దిగి కుళ్లుతుంది, పైన పెయింట్ మాత్రం బాగుంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో అంతా కొట్టుకుంటూ రా, ఠక్ ఠక్ మని ఒకేలా వినిపించాలి, ఎక్కడైనా శబ్దం మొద్దుగా వస్తే అక్కడ గట్టిగా నొక్కు. తర్వాత చెక్కని రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపి ట్యూబు జాయింటు కదులుతుందేమో చూడు.

ఫ్లోర్ విషయంలో నీ నడుం గురించి కూడా ఆలోచించు. అల్యూమినియం పలకలది నించోడానికి గట్టిగా ఉంటుంది కానీ బరువు, బిగించేటప్పుడు వేళ్లు నలుగుతాయి, ఒక్కదానివే మోయలేవు. గాలి ఫ్లోర్ తేలిక, హాయిగా ఉంటుంది, కానీ దాంట్లో పైకీ కిందకీ వేల దారాలుంటాయి, అవి తెగితే ఒకచోట ఉబ్బెత్తుగా లేస్తుంది, అది ఇంక బాగవదు, కాబట్టి నిండుగా కొట్టించి చదునుగా ఉందో లేదో చూడు. చెక్క బద్దలది కాళ్ల కింద కొంచెం అటూ ఇటూ అవుతుంది, కానీ పాడయ్యేదేం లేదు, విరిగితే ఇంకో బద్ద. నీకూ నీ ఫ్రెండ్‌కీ అదే చాలని నాకనిపిస్తుంది, నువ్వు ఒప్పుకోవని తెలుసు.

సైజు 2.3 నుంచి 2.7 మీటర్లు. ప్లేటు మీద ముగ్గురు అని ఉంటే ఇద్దరూ ఒక సంచీ అనుకో. మోటరు ఇప్పుడే కొనకు. బోటు ధర తక్కువ కదా మిగిలిన డబ్బుతో పాత మోటరు కూడా చూద్దాం అన్నావు చూడు, అక్కడే బడ్జెట్ అంతా కారిపోతుంది. ముందు ఒక సీజన్ తెడ్లతో తిప్పు. తర్వాత కొనేటప్పుడు ప్లేటు మీద ఎన్ని కిలోవాట్లు రాసుందో అది దాటకు, 4.5 కిలోవాట్లంటే సుమారు ఆరు హెచ్‌పీ, నీకు అంత కూడా అక్కర్లేదు. చిన్న బోట్లకి షాఫ్ట్, అంటే మోటరు నుంచి నీళ్లలోకి దిగే కాడ, చిన్నది కావాలి, 15 అంగుళాలది. పాత మోటరు చూడ్డానికి వెళ్తే ముందు మూత మీద చెయ్యి పెట్టు, వేడిగా ఉంటే నువ్వు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవడానికి ఎంత మొరాయిస్తుందో నీకు తెలియకూడదని. స్టార్ట్ అయ్యాక పక్కన సన్నటి ధారగా నీళ్లు రావాలి, రాకపోతే లోపల చల్లబడట్లేదు. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు వెళ్తున్నాయి.

నీ మొత్తం డబ్బులో మూడో వంతు ఇప్పుడే పక్కన పెట్టెయ్. ఇద్దరికీ కొత్త లైఫ్ జాకెట్లు, గేజు, సరైన గ్లూ, గుడ్డ ముక్కలు, ఒక పొడుగు తాడు. పాత జాకెట్లు ఫ్రీగా ఇస్తానన్నా తీసుకోకు, లోపల ఫోమ్ ఎలా ఉందో మనకి తెలీదు. గాలి బోటుకి అసలు శత్రువు గాలే, నీళ్లలోకి దిగేది బెత్తెడు, పైకి కనిపించేదంతా ట్యూబులే కాబట్టి గట్టు మీంచి లోపలికి వీచే గాలి ఉంటే ఎంత తెడ్డేసినా వెనక్కి రాలేవు, ఆ రోజు బోటు విప్పొద్దు. అలాన్ బొంబార్ అని ఒక ఫ్రెంచ్ డాక్టరు 1952లో నాలుగున్నర మీటర్ల గాలి బోటులో ఒక్కడే అట్లాంటిక్ దాటాడు, కెనరీ దీవుల నుంచి బార్బడోస్ దాకా 65 రోజులు పట్టింది. ఇది నీకు చెప్పకపోయుంటే బాగుండేదేమో, ఇంక నన్ను ఆపడానికి సాకు లేదు నాన్నా అంటావు. నువ్వు మాత్రం గట్టు కనిపించేంత దూరంలోనే ఉండు. నువ్వు తిప్పబోయే నీళ్లలో పర్మిషన్ కావాలా, బోటు రిజిస్టర్ చేయించాలా అన్నది కూడా డబ్బు కట్టే ముందే అక్కడివాళ్లని అడిగి తెలుసుకో.

నీ ఫ్రెండ్ సగం డబ్బు పెడతానంది కదా, మరి బోటు ఎవరింట్లో ఉంటుందో, ఎవరు ఆరబెడతారో ఇప్పుడే తేల్చుకోండి. తడిగా మడిచి పెడితే బూజు పడుతుంది, చెక్క కుళ్లుతుంది, స్టోర్ రూములో ఎలుకలు మడతల మధ్యలో గూడు పెట్టి గుడ్డ కొరికేస్తాయి. అమ్మేవాళ్లు ఎక్కడ దాచారో కూడా చూసిరా, ఆ గది చూస్తే సగం తెలిసిపోతుంది. ఇంకా కుదిరితే సీజన్ అయిపోయేదాకా ఆగు, చలికాలంలో ఇంట్లో చోటు కోసమైనా తగ్గించి ఇస్తారు.

ఇవాళ వాళ్లకి మెసేజ్ పెట్టి మూడు ఫొటోలు అడుగు, హల్ నంబరు, ముక్కు దగ్గర అతుకు, చెక్క లోపలి వైపు. వస్తే నాకు పంపు, చూసి చెప్తా, అప్పటిదాకా అడ్వాన్స్ అని ఒక్క రూపాయి వేయకు. రాత్రంతా గాలి కొట్టి ఉంచడం కుదరదంటే గొడవ పడకుండా థాంక్స్ చెప్పేసి వేరేది చూడు.

నాన్న