కూర్చోవడానికి స్టూలు, తినడానికి గంట: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ కార్మిక శాఖ మంత్రి గారికి,

వరంగల్ చౌరస్తా, జేపీఎన్ రోడ్డు, హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల బట్టల దుకాణాల్లో పనిచేసేవాళ్లం ఈ లేఖ రాస్తున్నాం. పని మధ్యలో కూర్చునే హక్కును దుకాణాల చట్టంలో చేర్చండి. అన్నం తినే వేళ కోతపడకుండా చూడండి.

ఉదయం 10కి షట్టరు లేపి రాత్రి 9కి దించే షాపులో ఒకటే బ్యాచ్ ఉంటే మనిషి 11 గంటలు కౌంటరు వెనుక ఉండాలి. లగ్గాల సీజన్‌లో, బతుకమ్మ ముందు అది ఇంకా పెరుగుతుంది. గిరాకీ లేకున్నా నిలబడే ఉండాలన్నది చాలాచోట్ల రివాజు. కూర్చుంటే వచ్చినవాళ్లకు మర్యాద తక్కువైనట్టు ఉంటుందంటారు. పాత బట్టల దుకాణాల్లో తెల్లటి పరుపుల మీద అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఎదురెదురుగా కూర్చునే చీరలు విప్పి చూసుకునేవారు. అందులో ఎవరి మర్యాదా తగ్గలేదు.

నడిచేటప్పుడు పిక్కల కండరాలు బిగుస్తూ వదులవుతూ కాళ్లలోని రక్తాన్ని పైకి నెడతాయి. కదలకుండా నిలబడితే ఆ పని సరిగా జరగదు. రక్తం కిందనే నిలుస్తుంది, సాయంత్రానికి పాదాలు వాస్తాయి, ఏళ్లు గడిచేకొద్దీ కాళ్లలోని రక్తనాళాలు ఉబ్బుతాయి. నడుము నొప్పి దీనికి తోడు. బాత్రూముకు వెళ్లనివ్వరని ఆడపిల్లలు నీళ్లు తాగడమే తగ్గిస్తారు, దాంతో మూత్రంలో మంట మొదలవుతుంది. అలాగని రోజంతా కూర్చోబెట్టమని మేం అడగడం లేదు. కాసేపు నిలబడి, కాసేపు కూర్చుని, మధ్యలో నాలుగు అడుగులు వేసే వీలుంటే ఒంటికి మంచిది.

నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. దుకాణాలకు అదే మాట కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ చట్టాల్లో చేర్చుకున్నాయి. కేరళలో దీని కోసం కోజికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లోని ఆడవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడారు. మన 1988 దుకాణాలు, సంస్థల చట్టంలోనూ ఇలాంటి సెక్షన్ పెట్టండి. అయితే తమిళనాడు చట్టం, పనిలో అవకాశం దొరికినప్పుడు కూర్చునేలా ఏర్పాటు ఉండాలంటుంది. ఆ అవకాశం ఎప్పుడన్నది సేటు చేతిలో వదిలితే కుర్చీ ఉన్నా కూర్చోలేం. కౌంటరు దగ్గర గిరాకీ లేనప్పుడు కూర్చోవచ్చని, అందుకు జీతం కోయరాదని, బిల్లింగ్ పని కూర్చునే చేయవచ్చని రూల్స్‌లో విడిగా రాయాలి.

కుర్చీ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ అమలు చెడేది అక్కడే. మామూలు ప్లాస్టిక్ కుర్చీ ఎత్తు 45 సెంటీమీటర్లు, కౌంటరు 90. అందులో కూర్చుంటే వచ్చినవాళ్లకు మనిషి సరిగా కనిపించరు, ప్రతిసారీ లేవాలి. రెండు రోజుల్లో ఆ కుర్చీ మీద చీరల బండిళ్లు చేరతాయి. కావలసింది 60 నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తు స్టూలు. నేలకు 20 సెంటీమీటర్ల పైన కాళ్లు ఆనించే రింగు తప్పనిసరి, కాళ్లు వేలాడితే తొడల కింద ఒత్తుకుని తిమ్మిరెక్కుతుంది. వీపుకు చిన్న ఆనుడు ఉండాలి. నున్నటి టైల్స్ మీద చక్రాలు వద్దు, జారుతాయి. కౌంటరు వెనుక సందు ఇరుకు కాబట్టి సీటు వెడల్పు 35 సెంటీమీటర్లు దాటకూడదు. ఒక్కరే ఉండే కౌంటరుకు ఒకటి, మిగతాచోట్ల ఇద్దరికి ఒకటి చాలు.

ఇక గంటల లెక్క. చట్టం రోజుకు 8, వారానికి 48 అంటుంది. 10 నుంచి 7 దాకా ఒక బ్యాచ్, 12 నుంచి 9 దాకా ఇంకొకటి పెడితే అన్నం గంట పోను ఇద్దరికీ 8 గంటలే పడతాయి. గిరాకీ రాత్రే ఎక్కువని సేట్లు అంటారు, అది నిజమే. అందుకే పొద్దటి బ్యాచ్‌లో తక్కువ మందిని, రెండో బ్యాచ్‌లో ఎక్కువ మందిని పెట్టాలి. పరకాల, నర్సంపేట వైపు బస్సు దొరకాల్సినవాళ్లను పొద్దటి బ్యాచ్‌లో వేయాలి. ఆరుగురున్న ఫ్లోరులో పొద్దటివాళ్లు ఇద్దరు 12:30కి, మిగతా నలుగురు ఇద్దరిద్దరుగా 2:30కి, 3:30కి తినవచ్చు. బదులు మనిషి లేని కౌంటరులోనే అన్నం గంట పావుగంటకు కుదించుకుపోతుంది. అందుకే ఎవరి వంతు ఎప్పుడో, ఎవరు బదులు నిలబడతారో బోర్డు మీద రాసి ఉంచాలి.

తనిఖీకి ఉదయం 11కి వస్తే దుకాణం ఖాళీగా, స్టూళ్లు ఖాళీగా కనిపిస్తాయి. మీ అధికారులను బతుకమ్మ ముందు ఆదివారం రాత్రి 7 తర్వాత పంపండి. స్టూలు మీద మనిషి ఉన్నారా, బండిళ్లు ఉన్నాయా చూడమనండి. బాత్రూము తాళం ఎవరి దగ్గర ఉందో అడగమనండి. మాతో మాట్లాడేటప్పుడు మేనేజరును పక్కన ఉంచవద్దనండి.

సవరణకు శాసనసభ కావాలి, సమయం పడుతుంది. అప్పటిదాకా ఆగకుండా, స్టూళ్ల గురించి, అన్నం వంతుల బోర్డు గురించి కార్మిక శాఖ నుంచి ఒక సర్క్యులర్‌ను వచ్చే దసరా సీజన్‌కు రెండు నెలల ముందే అన్ని జిల్లాలకు పంపించండి. వడ్రంగికి, వెల్డింగ్ షాపుకు ఆర్డరిచ్చి స్టూళ్లు చేయించుకోవడానికి దుకాణదారులకు ఆ వ్యవధి సరిపోతుంది.

ఇట్లు,
వరంగల్, హన్మకొండ బట్టల దుకాణాల ఉద్యోగులు