మూడు గదుల ఇల్లు

బేతంచెర్ల

చిరంజీవి రవికి నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి మామూలే. మాత్ర వేసుకోదు, అడిగితే వేసుకున్నానంటుంది. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి కాగితం మీద రాస్తున్నా. అక్క దీన్ని ఫోటో తీసి పంపుతుంది. అక్షరాలు పెద్దవి చేసుకుని చదువు, కళ్లు పాడుచేసుకోకు.

ఓబులేసు మామ కొడుకు సెలవులకు ఊరొచ్చాడు. వాడు చెప్పాడు, మధ్యధరా సముద్రంలో మాల్టా దేశపు గోజో దీవిలో నువ్వు పాత రాతి ఇల్లొకటి నవంబరు నెలంతా అద్దెకు తీసుకున్నావని. తీసుకో. తప్పేముంది. మూడు పడక గదులంట కదా. ఒక్క మనిషికి మూడు గదులెందుకని మీ అమ్మ అడిగింది. నేను అడగలేదు.

అక్క ఆ ఇంటి ఫోటోలు ఫోన్లో చూపించింది. ముప్ఫై ఏళ్లు పాలిష్ ఫ్యాక్టరీలో బండల మధ్య బతికినోణ్ణి కదా, నా కళ్లు ముందు పైకప్పు మీదికే పోయినాయి. ఆ దీవిలో కలప తక్కువ. అందుకని గదికి అడ్డంగా రాతి కమాన్లు కట్టి, వాటి మీద పొడుగు బండలు పరిచినారు. ఆ బండల్ని వాళ్లు షోరోక్ అంటారంట. పైన వాన దిగకుండా కుండ పెంకులు దంచి సున్నంలో కలిపి గచ్చు చేసేవాళ్లంట. మన పాత మిద్దెలకు ఇటుక పొడి కలిపిన డంగు సున్నం ఉండేది చూడు, అదే పని. ఎక్కడి మాల్టా, ఎక్కడి బేతంచెర్ల! బేల్దారి బుద్ధి మాత్రం ఒకటే.

ఇంటి కింద రాతిని తొలిచి వాన నీళ్ల తొట్టి చేసుకోవడం అక్కడ పాత అలవాటు. మిద్దె మీద పడిన నీళ్లన్నీ దాంట్లోకే. నీ ఇంటి వాకిట్లో గుండ్రటి రాతి మూత కనపడింది, అదే అయ్యుంటుంది. దాని మీద కాలు పెట్టకు. పాప గాని వస్తే మూత మీద బరువైనదేదైనా పెట్టు. వస్తే అంటున్నా.

సుజాత పుట్టింటికొచ్చి రెండు నెలలు దాటింది. అనంతపురం పోయినప్పుడు చూసొచ్చినాం. సంక్రాంతికి ఆయన వస్తాడంది. ఇంకేమీ చెప్పలేదు, మేమూ అడగలేదు. పాప నీ ఫోటో చూపించి నాన్న అంటోంది. సరే, అది వేరే సంగతి.

ప్రయాణం సంగతి. మాల్టా పెద్ద దీవిలో చిర్కెవ్వా రేవు నుంచి గోజోలో ఇమ్‌జార్ రేవుకు ఓడలో 25 నిమిషాలంట. పోయేటప్పుడు టికెట్టు అడగరంట, తిరిగొచ్చేటప్పుడే డబ్బులు తీసుకుంటారంట. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. కానీ చలికాలంలో గాలి ముదిరితే ఓడలు ఆపేస్తారు. సముద్రంలో తలుపు మాదిరి నిలబడిన పెద్ద రాతి కమాను ఒకటి ఉండేదంట అక్కడ, 2017 మార్చి 8న తుఫాను గాలికి కూలిపోయింది. రాయే నిలవలేదు. తిరిగి జర్మనీకి పోయే విమానానికి ఒక రోజు ముందే ఆ దీవి దాటి వచ్చెయ్. కారు తీసుకుంటే అక్కడ మన మాదిరే ఎడమ పక్క నడపాలి. నీకు కుడి పక్క అలవాటైపోయింది, నిద్రమత్తులో స్టీరింగ్ పట్టకు. ప్లగ్గులు మూడు పిన్నులవి, జర్మనీవి పట్టవు. అడాప్టరు కొనుక్కో.

షారా అనే ఊళ్లో జిగాంతియా అని రాతి గుళ్లు ఉన్నాయి, ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాతవి. ఒక రాక్షసి బిడ్డను భుజాన వేసుకుని ఆ రాళ్లన్నీ మోసి కట్టిందని అక్కడి వాళ్ల కథ. మన పక్క రాక్షస గుళ్లు అనే పాతకాలపు రాతి సమాధులకు చెప్పే కథల మాదిరే. పనుందని ఆమె బిడ్డను ఎక్కడో వదిలిపెట్టలేదు చూడు. సంసారమన్నాక మాటా మాటా వస్తుంది. వచ్చిందని మనిషి దీవులు పట్టుకుని పోతే ఎట్లా? నీకు నీతులు చెప్పకూడదనే కూర్చున్నా. కొట్టేద్దామంటే పెన్నుతో రాసినా, పోదు.

రాతి ఇల్లంటే నీకొకటి చెప్పాలి. 1989లో, నాకు మొదటి జీతాలు చేతికొచ్చిన రోజులు. శివరాత్రికి మా నాయన, మీ అబ్బ, మహానంది పోయి నాలుగు రోజులున్నాడు. ఆయన వచ్చేలోపు బ్రహ్మాండం చేద్దామని, మన పాత మిద్దెకు సున్నం గీకించి గోడలన్నిటికీ సిమెంటు పూత వేయించినా. అప్పట్లో సిమెంటంటే మోజు. అబ్బ వచ్చి, చెప్పులు విడిచి, గోడ మీద అరచెయ్యి పెట్టి చూసినాడు. ఒక్క మాట అనలేదు. మంచం ఎత్తుకుని పశువుల కొట్టంలోకి పోయినాడు. శివరాత్రి నుంచి శ్రావణం దాకా నాతో మాట లేదు. మీ జేజి మధ్యలో నలిగిపోయింది. సంగటి అక్కడికే మోసేది. నేనూ పౌరుషంగానే ఉన్నా, నా డబ్బుతో చేసినా కదా అని. వానలు పడినాయి. గోడల అడుగున చెమ్మ, దూది మాదిరి ఉప్పు, సిమెంటు ఉబ్బి చేత్తో తడితే డొల్ల శబ్దం. ఒక రాత్రి ఉలి చప్పుడుకు మెలకువొచ్చింది. చూస్తే మీ అబ్బ లాంతరు పెట్టుకుని ఒక్కడే సిమెంటు రాలగొడుతున్నాడు. నేను లేచి రెండో ఉలి తీసుకున్నా. తెల్లారేదాకా ఇద్దరం కొట్టినాం, మాట లేదు. పొద్దున్నే తొట్టి కాడ చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా, 'తిందువు రా' అన్నాడు.

ఇదంతా ఎందుకు మొదలుపెట్టినానో మర్చిపోయినా. ఆఁ, సిమెంటు. గోజో రాయి మన నాపరాయంత గట్టిది కాదు, రంపంతో కోసేంత మెత్తన. గాలి తగిలేకొద్దీ పైన గట్టిపడుతుంది. బాగుచేయించిన ఇల్లని చెప్పి రాళ్ల సందుల్లో సిమెంటు కొట్టి ఉంటే, చెమ్మ బయటికి పోలేక లోపలే ఉప్పు పూస్తుంది. నవంబరంటే అక్కడ వానల కాలమే. మంచం గోడకు ఆనించి వేసుకోకు. మధ్యాహ్నం కాసేపు కిటికీలు తెరువు. హీటరుకు కరెంటు బిల్లు అద్దెలోనే ఉందా, విడిగానా, ముందే అడిగి రాయించుకో. ఇంటికి టూరిజం లైసెన్సు ఉందో లేదో చూసినాకే మిగతా డబ్బు కట్టు.

ఆఫీసు సంగతి కూడా ఎవరో ఏదో అన్నారు. నేను చెవిలో వేసుకోలేదు. అట్లాంటిదేదైనా ఉంటే, డబ్బు గురించి టెన్షన్ పడకు. బండల డబ్బు కొంచెం బ్యాంకులో పడుంది, నాకూ మీ అమ్మకూ ఎంత కావాలి.

ఓబులేసు కొడుకు 20న బయలుదేరుతున్నాడు. వాడి చేతికి కంబళ్లు ఇస్తున్నా, రాతి ఇంట్లో అక్కడి పల్చటి దుప్పట్లు చాలవు. మీ అమ్మ మూడు మడిచి పెట్టింది, ఒకటి చిన్నది. వాడి పెట్టెలో చోటు తక్కువంట. ఒక్కటే చాలంటే 19లోపు చెప్పు, మిగతా రెండూ తీసేస్తాం.

మీ నాన్న