తోక లేని రాకెట్టు

బెజవాడ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

ఫోన్లో చెబితే నవ్వి పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. నిన్న పొద్దున్నే సీతానగరం వైపు, బ్యారేజీ దిగువన ఇసుకలో మేం పీఎస్ఎల్‌వీ ఎగరేశాం. కాగితందేలే, కంగారుపడకు.

సెలవుల్లో మా చిన్నది ప్రాణం తీస్తుంటే మొదలెట్టిన పని. అసలు ఇస్రో రాకెట్టు 44 మీటర్ల పొడవు, 2.8 మీటర్ల లావు. నూరో వంతుకి దించితే 44 సెంటీమీటర్లు, 28 మిల్లీమీటర్లు. చుట్టుకొలత కోసం 28ని 22/7తో గుణించాను. సరిగ్గా 88! మన లెక్కల మాస్టారు ఏరి కోరి ఇచ్చినట్టు శేషం లేకుండా వచ్చింది. పక్కన ఆరు బూస్టర్లు, అదే తోడు రాకెట్లు, అతికించే ఓపిక లేక, అవి లేకుండా వెళ్లే రకమే చేశాం. 2007లో ఇటలీ ఉపగ్రహాన్ని మోసిందే, అది.

ఇంట్లో ఇంక్‌జెట్ మీద తీసిన ప్రింటు దాని చేతి చెమటకే అలుక్కుపోయింది. బెజవాడ ఎండలు నీకు చెప్పాలా? గవర్నర్‌పేటకి వెళ్లి జిరాక్సు షాపులో 200 జీఎస్ఎం దళసరి కాగితం మీద తీయించాను. షాపతను "ప్రాజెక్టా సార్?" అన్నాడు. అవునన్నాను, ఈ వయసులో.

అట్టని నేరుగా చుడితే మడతలు పడి రంగు పెచ్చులు లేస్తుంది. స్కేలు అంచుకి ఆనించి నెమ్మదిగా కిందికి లాగాలి, అప్పుడు దానంతటదే వంపు తిరుగుతుంది. ఫెవికాల్ పలచగా రాయాలి, ఎక్కువైందా అప్పడంలా ఉబ్బుతుంది. ఇవన్నీ మూడు గొట్టాలు పాడుచేశాక తెలిశాయి.

బాణసంచా మందు జోలికి పోలేదు. అమెరికాలో ఇలాంటి వాటికి తుపాకి మందు కూరిన మోటార్లు షాపుల్లోనే అమ్ముతారట. ఇక్కడ మా ఆవిడ ఉంది. అందుకని ముప్పావు అంగుళం ప్లాస్టిక్ పైపు నిలబెట్టి, రెండో చివర రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా బిగించాం. రాకెట్టుని పైపుకి తొడిగి సీసాని ఒక్క తొక్కు తొక్కితే గాలి దాన్ని పైకి తన్నేస్తుంది.

తన్నింది. మనిషెత్తు లేచి, పల్టీ కొట్టి, ఇసుకలో అడ్డంగా పడింది. మళ్లీ తొక్కాం. మళ్లీ పల్టీయే. ముక్కులో చపాతీ పిండి ముద్ద కూరాం. కాస్త నయం, అంతే.

అప్పుడు గుర్తొచ్చిందిరా, మన చిన్నప్పటి తారాజువ్వ! పుల్ల విరిచి వెలిగిస్తే పక్కింటి వరండాలో దూరింది, గుర్తుందా? బరువు ముందుండాలి, గాలి వెనక భాగాన్ని పట్టుకోవాలి. ఆ పట్టుకోవడానికే రెక్కలు. మరి అసలు పీఎస్ఎల్‌వీకి రెక్కలేవి? దానికి వేరే ఉపాయం ఉంది. మొదటి దశ నాజిల్లోకి, అంటే మంట బయటికొచ్చే మూతిలోకి, పక్కనుంచి ద్రవం చిమ్మి మంటని పక్కకి మళ్లిస్తారు, దాంతో దారి సరిచేసుకుంటుంది. మన కాగితానికి ఆ తెలివి ఎక్కడిది!

రెక్కలు పెడదామంటే చిన్నది ఒప్పుకోదే. "పీఎస్ఎల్‌వీకి ఉండవు నాన్నా" అని ఒకటే పట్టు. చివరికి స్పైరల్ బైండింగుకి పైన వేసే పారదర్శకమైన అట్ట ఉంటుంది చూడు, దాన్ని కత్తిరించి నాలుగు రెక్కలు అతికించాను. రెండడుగుల దూరం నుంచి కనబడవు. దారం కట్టి తల చుట్టూ తిప్పితే ముక్కు ముందుకే నిలిచింది.

ఇక చూడు, ఈసారి తొక్కితే నిటారుగా వెళ్లింది! రెండంతస్తుల మేడంత ఎత్తు ఉంటుంది. వాకింగ్‌కి వచ్చిన పెద్దాయనెవరో చప్పట్లు కొట్టారు. దిగడం మాత్రం నీటి మడుగులో దిగింది. బయటికి తీసేసరికి ఉప్మాలా మెత్తబడిపోయింది.

ఇంకో ప్రింటు తీయించి ఉంచాను. నా బరువుకి రెండంతస్తులే అని చిన్నది పెదవి విరిచింది, నీ పేరు నేనే చెప్పాను. కృష్ణలో నీళ్లొచ్చి ఇసుక మునిగేలోపు రా.

నీ
పాత గదిలో వాణ్ని