ఉజ్జీవం కోసం కనిపెడుతున్న నా బిడ్డకు

ఒంగోలు

చిట్టితల్లీ,

మన ప్రభువైన యేసుక్రీస్తు నామంలో నీకు శుభాలు. ఇక్కడ అమ్మ, నానమ్మ, నేను అందరం క్షేమం. నీ ఉత్తరం అందింది. పుణెలో మీ సంఘం పెట్టిన ఉపవాస ప్రార్థనలు ముగిశాయనీ, ఆఖరి రోజు ప్రసంగానికి అందరూ కన్నీళ్లు పెట్టుకున్నా మరుసటి ఆదివారానికి అంతా మామూలైపోయిందనీ రాశావు. ‘మనవులన్నీ వీసాలు, ప్రమోషన్లు, ఇంటి స్థలాలే నాన్నా. ఇలా అడిగితే సంఘమంతా ఆత్మీయంగా మేల్కొనే ఉజ్జీవం ఎక్కడి నుంచి వస్తుంది? వెళ్లడం మానేద్దామనుంది’ అన్నావు.

మానవద్దమ్మా. వీసా కోసం మోకరించేవాళ్లను చిన్నచూపు కూడా చూడవద్దు. అనుదినాహారం అడగమని నేర్పింది ప్రభువే. అయితే ఆయన నేర్పిన ప్రార్థనలో ఆహారం మాట వచ్చేది తండ్రి నామం, ఆయన రాజ్యం, ఆయన చిత్తం తర్వాత. మన కూడికల్లో ఆ మూడింటినీ గబగబా దాటేసి ఆహారం దగ్గర కూర్చుంటున్నారు. నీకు నొప్పి కలిగింది అక్కడే. ఆ నొప్పి దేవుడు పెట్టిందని నేను నమ్ముతున్నాను. దాన్ని విసుగుగా మారనివ్వకు, ప్రార్థనగా మార్చు.

మన ఒంగోలు ప్రార్థన కొండ సంగతి సండే స్కూల్లో విన్నావు. 1854లో కొండ మీద అయిదుగురు ప్రార్థించారు, 1878లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు అని చెప్పి ముగించేస్తారు. ఆ రెంటి మధ్యా 24 ఏళ్లున్నాయి. నీకు చెప్పాల్సింది ఆ ఏళ్ల సంగతే.

అమెరికన్ బాప్టిస్టులు తెలుగువాళ్ల మధ్యకు వచ్చింది 1836లో. 1853 నాటికి నెల్లూరులో కొద్దిమంది విశ్వాసులు తప్ప చూపించడానికేమీ లేదు. ఈ మిషన్‌ను మూసేయాలా అని ఆ ఏడాది అమెరికాలో పెద్దలు చర్చించుకున్నారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషన్‌లోని మిషనరీ లైమన్ జ్యువెట్ దొర, ఆయన భార్య, వాళ్లతోపాటు మన తెలుగువాళ్లు ముగ్గురు ఆ కొండ ఎక్కారు. క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు. ఆడవాళ్ల పేర్లను మన ప్రసంగీకులు తరచూ వదిలేస్తారు, నువ్వు వదలకు. కింద ఊరు నిద్రపోతుండగా వాళ్లు యెషయా 52వ అధ్యాయం చదువుకున్నారు, ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని అడిగారు. అంతే.

జవాబు రావడానికి పన్నెండేళ్లు పట్టింది. ఆ మధ్యలో జ్యువెట్ దొర ఆరోగ్యం చెడి అమెరికా వెళితే, మూసేద్దామన్న మాట 1862లో మళ్లీ లేచింది. ఎవరూ తోడు రాకపోయినా తిరిగి వెళ్లి ఆ ప్రజల మధ్యే చనిపోతానని ఆయన పట్టుబట్టాడు. చివరికి జాన్ క్లౌ అనే కొత్త మిషనరీ దొరను వెంటబెట్టుకుని వచ్చాడు. క్లౌ దొర 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఇక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. పదమూడేళ్ల ప్రార్థనకు ఎనిమిది మంది! మీ సంఘం కొద్ది రోజుల ఉపవాసానికి ఫలితం కనబడలేదని నువ్వు నీరుగారిపోతున్నావు.

అప్పటికే దేవుడు మరోచోట పని మొదలుపెట్టాడు. తాళ్లకొండపాడులో ఎర్రగుంట్ల పేరయ్యగారు, మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. మిషనరీలను ఎరగక ముందే దేవుణ్ణి వెదుకుతూ గురువుల దగ్గర కూర్చున్నవాడు. ఆయన నమ్మడంతో పల్లెలు కదిలాయి. అప్పుడొచ్చింది అసలు పరీక్ష. అంతవరకూ ఆసక్తిగా వింటున్న పై కులాలవాళ్లు, ‘మాదిగలను చేర్చుకుంటే మేం రాం’ అన్నారు. క్లౌ దొర ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో విడివిడిగా ప్రార్థించి బైబిలు తెరిస్తే ఇద్దరికీ దొరికింది ఒకే భాగం, మొదటి కొరింథీ మొదటి అధ్యాయం. జ్ఞానులను సిగ్గుపరచడానికి లోకంలోని వెర్రివారిని, ఎన్నిక లేనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాటలు. వాళ్లు మాదిగల పక్షానే నిలిచారు. నువ్వూ నేనూ ఇవాళ బైబిలు చేతపట్టుకున్నామంటే ఆ రెండు గదుల్లో జరిగిన ప్రార్థన వల్లే. మన సంఘాల్లో నేటికీ పెళ్లి సంబంధాల దగ్గర కులం అడుగుతున్నారంటే, ఆ జవాబును మనం ఇంకా పూర్తిగా అంగీకరించలేదన్నమాట. ఉజ్జీవం కోసం మోకరించినప్పుడు ముందుగా ఒప్పుకోవలసిన పాపాల్లో అదొకటి. ఏ వేదిక మీదా ఆ మాట వినబడకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

తర్వాత 1876–78 కరవు. క్లౌ దొర యువకుడిగా ఉన్నప్పుడు సర్వేయరు పని చేసినవాడు. అందుకని బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు తవ్వకం పని ఇచ్చాడు. మన బోధకులే మేస్త్రీలై పని చేయించారు, పనివాళ్లు అలసి కూర్చున్నప్పుడు వాక్యం చెప్పారు. వేలమంది నమ్మి బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు! కూలి కోసం వచ్చారన్న మాట రాకూడదని, ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వకుండా ఆపాడు. 2,222 అన్న అంకెకంటే ఆ నిగ్రహమే నాకు గొప్పగా అనిపిస్తుంది. సంఖ్యను పెంచుకోవడానికి తొందరపడనివాడికే దేవుడు సంఖ్యను ఇచ్చాడు. కరవు పనులు ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బాప్తిస్మమిచ్చిన ఆరుగురూ మన తెలుగు బోధకులే, ఇద్దరిద్దరుగా వంతులు మారుతూ. దొర నీళ్లలోకి దిగలేదు.

ఇంతా ఎందుకు రాశానంటే, వాళ్ల ప్రార్థన మోకాళ్ల దగ్గర ఆగలేదు. కొండ దిగి నడిచింది, పలుగూ పారా పట్టింది, కులం గోడ దగ్గర ఎటు నిలబడాలో తేల్చుకుంది. అపొస్తలుల కార్యముల నాలుగో అధ్యాయం చూడు. వాళ్లు ప్రార్థించగా ఆ చోటు కంపించింది. కొన్ని వచనాల తర్వాత, వారిలో ఎవరికీ కొదువ లేదని రాసి ఉంది. మీ కూడిక ముగిశాక ఎవరి కొదువ తీరిందో చూడమ్మా. ఎవరిదీ తీరకపోతే అక్కడి నుంచి నువ్వే మొదలుపెట్టు.

మీ ఊరికి దగ్గర్లోనే కేడ్గావ్ ఉంది. పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషన్ అక్కడిదే. కరవులో దిక్కులేనివాళ్లయిన అమ్మాయిలను, బాలవితంతువులను ఆమె చేరదీసింది. 1905లో ఉజ్జీవం కోసం రోజూ తనతో ప్రార్థించడానికి ఎవరు వస్తారని అడిగితే 70 మంది ముందుకొచ్చారు. జూన్ నాటికి అక్కడ ఉజ్జీవం రగిలింది. వాళ్లలో చాలామంది లోకం అపశకునమని తోసేసిన పిల్లలు. సెలవు దొరికితే ఒకసారి వెళ్లిరా.

ఇంకో మాట, ఇది తండ్రిగా. ఉపవాసంలో మంచినీళ్లు కూడా ముట్టకుండా ఆఫీసుకు వెళ్లావని మీ అమ్మకు తెలిసి చాలా బెంగపెట్టుకుంది. వేల్స్‌లో 1904లో ఉజ్జీవానికి ముందు నిలిచిన ఇవాన్ రాబర్ట్స్‌కు అప్పుడు 26 ఏళ్లు, బొగ్గు గనిలో పనిచేసిన కుర్రవాడు. నిద్రాహారాలు మాని తిరిగి 1906కల్లా పూర్తిగా కుప్పకూలాడు. తర్వాతి జీవితంలో ఎక్కువ భాగం ప్రజల ముందుకు రాకుండా ప్రార్థనలో గడిపాడు. దేహాన్ని పిండితే ఉజ్జీవం రాదు తల్లీ. అలసిన రోజున మాటలు రాకపోతే ఊరికే కూర్చో. ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో ఆత్మ తానే మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని పౌలు రోమా సంఘానికి రాశాడు. నీ మూలుగు కూడా లెక్కకు వస్తుంది.

సంఘాన్ని విడవకు. వారంలో ఒక సాయంత్రం మీలో ఇద్దరు ముగ్గురు ఒకరి గదిలో కూడుకోండి. సొంత మనవులు చివర్లో పెట్టుకోండి. మొదట మీ వీధి, మీ ఆఫీసులో ఊడ్చే ఆమె, మీరు మాట్లాడటం మానేసిన మనిషి. మీ పాస్టరుగారి కోసం తప్పక ప్రార్థించండి. ఆయన మీద నీ ఉత్తరంలో కొంచెం కోపం కనబడింది.

నీ గదిలో ఉండే అమ్మాయి తండ్రికి ఆపరేషన్ అన్నావు. ఏ రోజో, ఎన్ని గంటలకో రాయి. ఆ వేళకు అమ్మ, నేను ప్రార్థనలో ఉంటాం. నానమ్మ కూడా కూర్చుంటానంది. ఆ అమ్మాయికి ఖర్చుకు ఇబ్బందైతే మొహమాటపడకుండా చెప్పు, కొంత పంపుతాను.

ప్రభువునందు,
నీ నాన్న