చేపపిల్ల పొడవుతో పాటు మొప్పలూ చూడండి: తెలంగాణ మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

నేను జంతుశాస్త్రం చెప్పే అధ్యాపకుణ్ణి. 2016-17లో మొదలైన ఉచిత చేపపిల్లల పంపిణీ చెరువు మీద బతికే ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలకు పెద్ద ఆసరా. అది ఇంకా బాగా నడవాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పిల్లలను వదిలే రోజు గట్టు మీద రెండే లెక్కలు చూస్తారు: ఎన్ని వచ్చాయి, ఎంత పొడవున్నాయి. ఎండాకాలం ఎండిపోయే చెరువులకు 35-40 మిల్లీమీటర్లవి, ఏడాదంతా నీళ్లుండే చెరువులకూ రిజర్వాయర్లకూ 80-100 మిల్లీమీటర్లవి. మొప్ప ఎత్తి చూడటం నేను వెళ్లిన చోట్ల ఎక్కడా కనిపించలేదు.

పొడవుకూ పరాన్నజీవులకూ దగ్గరి సంబంధం ఉందండి. సాధారణంగా పెద్ద చేపలో అవి ఎక్కువ రకాలు, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. దాని మొప్పలు విశాలం, తిండి ఎక్కువ, నీటిలో గడిపిన కాలమూ ఎక్కువ. నత్తల నుంచి వచ్చే పురుగు పిల్లలు దాని ఒంట్లో ఏటికేడు పోగుపడతాయి. అయినా అది తట్టుకుంటుంది. వేలెడంత పిల్ల తట్టుకోలేదు. మొప్ప పురుగు డాక్టిలోగైరస్‌కు నత్తతో కూడా పని లేదు, నేరుగా ఒక చేప నుంచి ఇంకో చేపకు పాకుతుంది. కిక్కిరిసిన నర్సరీ తొట్టెల్లో, లారీ ప్రయాణంలో దానికి అంతకంటే ఏం కావాలి?

అధికారులు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. కొన్ని నెలల తర్వాత వల వేసి, చిన్న చేపల్లో పురుగులు తక్కువున్నాయి, వాటికి బెడద లేదని రాసుకుంటే పొరపాటు పడతాం. పురుగు బాగా పట్టినవి ముందే చచ్చిపోయి ఉండొచ్చు. చచ్చినవి వలకు రావు కదా! కొన్ని చేపలు చిన్నగా ఉండిపోయిందే పురుగుల వల్ల కావచ్చు. పైగా పరాన్నజీవులు అన్ని చేపల్లో సమానంగా ఉండవు, కొద్ది చేపల్లోనే కుప్పగా ఉంటాయి. అందుకే నాలుగైదు చేపలు కోసి చూసి చెరువు సంగతి చెప్పలేం.

చేప ఒంటిని కర్రలకు రుద్దుకుంటుంటే పేను పట్టిందని మత్స్యకారులు చూడగానే చెబుతారు. మొప్పల్లోది కంటికి కనపడదు, మైక్రోస్కోప్ కావాలి. అవి మన డిగ్రీ కాలేజీల్లో ఉన్నాయి, నేర్చుకోవాలనే విద్యార్థులూ ఉన్నారు.

వచ్చే సీజన్ టెండరులో ఒక షరతు చేర్చండి. ప్రతి లోడులో రెండు సైజుల నుంచీ విడివిడిగా తగినన్ని పిల్లలు తీసి మొప్పలు పరీక్షించాలి, పురుగు ఎక్కువుంటే ఆ లోడు వెనక్కి పంపాలి. ఆ ఫలితం కాగితం, పిల్లల లెక్కతో పాటే, మత్స్యకారుల సొసైటీ అధ్యక్షుడి చేతికి ఇప్పించండి. తర్వాత వల వేసినప్పుడల్లా చేప పొడవు, బరువు, దొరికిన పురుగులు ఒకే రిజిస్టరులో రాయించండి. చెరువులో పిల్లలు ఎందుకు తగ్గిపోయాయని సొసైటీ వాళ్లు అడిగితే, చూపించడానికి ఆ రిజిస్టరైనా ఉంటుంది.

ఇట్లు,
ఒక జంతుశాస్త్ర అధ్యాపకుడు